కొత్త కెమెరా కొంటున్నారా? బాడీకెంత, లెన్సుకెంత అన్నది ముందు తేల్చుకోండి

నేను కొత్త కెమెరా తీసుకున్నానని తెలిసినప్పటి నుంచి ఇటు విజయవాడలో, అటు గుంటూరులో కనపడ్డవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. కానన్ మంచిదా, నికాన్ మంచిదా, సోనీ తీసుకోమంటారా అని. నేను తీసుకున్నది నికాన్ జెడ్50టూ. కొనేముందు కానన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10 టూ, ఫూజీఫిల్మ్ ఎక్స్-ఎం5 కూడా పట్టుకుని చూశాను. సెకండ్ హ్యాండ్‌లో కానన్ 200డీ టూ సంగతీ విచారించాను. ఇవన్నీ మంచి కెమెరాలే. పగటి వెలుతురులో తీసిన ఫొటోలు కలిపేసి ఏది దేనిదో చెప్పమంటే నేనైతే చెప్పలేను. తేడా అంతా సాయంత్రం ఆరు దాటాక, ఇంటి నాలుగు గోడల మధ్య, ఫంక్షన్ హాల్లో బయటపడుతుంది. మనం తీసే ఫొటోల్లో సగానికి సగం అక్కడివే కదా.

అసలు పోటీ ఫోనుతో

షాపులో చెప్పే మొదటి మాట, ఫోను సెన్సర్ కంటే కెమెరా సెన్సర్ చాలా పెద్దది అని. నిజమే. ఇప్పటి ఖరీదైన ఫోన్లలో చాలావాటి మెయిన్ కెమెరా సెన్సర్ సుమారు 9.8 మిల్లీమీటర్ల వెడల్పు, 7.3 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే 72 చదరపు మిల్లీమీటర్లు. నికాన్‌లో ఉన్న ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ 23.5 బై 15.7, అంటే 369. ఐదు రెట్లు పెద్దది.

కానీ ఆ సెన్సర్ మీద పడే వెలుతురు లెన్సులోంచి రావాలి. లెన్సు ఎంత తెరుచుకుంటుందో ఎఫ్ నంబరు చెబుతుంది, అది ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ. ఫోను లెన్సు ఎఫ్1.8 దగ్గర ఉంటుంది. కెమెరాతో పాటు ఇచ్చే 16-50 ఎంఎం (అంకె చిన్నదైతే ఎక్కువ చోటు ఫ్రేములోకి వస్తుంది, పెద్దదైతే దూరంది దగ్గరవుతుంది) కిట్ లెన్సు పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్6.3. సెన్సర్ వైశాల్యాన్ని ఎఫ్ నంబరు వర్గంతో భాగిస్తే ఎవరికెంత వెలుతురు అందుతోందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఫోనుకు 22 వస్తుంది. కిట్ లెన్సు పూర్తిగా జూమ్ చేసిన నికాన్‌కు 9. జూమ్ చేయకుండా ఎఫ్3.5 దగ్గరే ఉంచితే 30. కానన్ ఆర్50తో వచ్చే 18-45 లెన్సు మొదలయ్యేదే ఎఫ్4.5తో, సెన్సర్ కూడా కాస్త చిన్నది. దానికి జూమ్ చేయకముందే 16. పైగా ఫోను వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తుంది. ఫోనులోనూ జూమ్ చేస్తే దాని లెక్క పడిపోతుంది, అది వేరే సంగతి. మొత్తానికి లక్ష పెట్టి కొన్న కెమెరా రాత్రి పుట్టినరోజు ఫొటోలో ఫోను ముందు తేలిపోయిందని చాలామంది అంటుంటారు. కెమెరాలో లోపం ఏమీ లేదు, లెక్కే అంత.

ఇప్పుడు అదే నికాన్ బాడీకి 24 ఎంఎం ఎఫ్1.7 లెన్సు తగిలించండి. 9 ఉన్న అంకె 128 అవుతుంది. ట్యూబ్‌లైటు కింద కిట్ లెన్సు జూమ్‌తో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా పెంచుకునే సెట్టింగు, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 12800 అడిగేచోట ఇది 1000 లోపు చాలంటుంది. ఫొటోలో గరుకుతనం పోయి పిల్ల బుగ్గ మీది నూగు కనపడేది ఇక్కడే. బాడీ మార్చి ఇంత తేడా తెద్దామంటే ఏ కంపెనీ వల్లా కాదు.

అందుకే నా సలహా. మీ దగ్గర ఎంత ఉందో అందులోంచి ముందు ఒక ఎఫ్1.8 తరగతి లెన్సు ధర తీసి పక్కన పెట్టండి. మిగిలిన డబ్బుకు ఏ బాడీ వస్తే అది. కానన్‌కు ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఉంది, పోర్ట్రెయిట్‌కి బాగుంటుంది కానీ మన అపార్ట్‌మెంట్ హాల్లో 50 అంటే గోడకి ఆనుకుని నిలబడాల్సిందే. ఇంట్లో తీయడానికి సిగ్మా 30 ఎంఎం ఎఫ్1.4 నయం. అది కానన్, నికాన్, సోనీ, ఫూజీ నాలుగింటికీ దొరుకుతుంది. జూమే కావాలంటే సిగ్మా 18-50 ఎఫ్2.8 కానన్, సోనీ, ఫూజీలకు ఉంది. కిట్ లెన్సు చివరి ఎఫ్6.3తో పోలిస్తే అది ఐదు రెట్లు వెలుతురు ఇస్తుంది. ఇవేవీ కొనేంత డబ్బు లేదు, ఊరెళ్లినప్పుడు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికే అంటారా, ఫోను చాలు. ఆ డబ్బు బ్యాంకులో ఉంచుకోండి.

చేతిలోకి వచ్చాక

జెడ్50టూ 2024 నవంబరులో వచ్చిన మోడల్. 20.9 మెగాపిక్సెల్. ఆర్50, సోనీ, ఫూజీ అన్నీ 24 నుంచి 26 దాకా ఉంటే ఇది తక్కువ కదా అని అడుగుతారు. గోడకి తగిలించే పెద్ద ప్రింటుకి కూడా 20 సరిపోతుంది. ఆ తేడాని పట్టించుకోనక్కర్లేదు.

బరువు బ్యాటరీ, కార్డుతో కలిపి 550 గ్రాములు. ఆర్50 375 మాత్రమే. అంకెల్లో చూస్తే కానన్ తేలిక, కానీ పట్టుకుంటే కథ మారిపోతుంది. నికాన్ గ్రిప్ లోతుగా ఉంది, నాలుగు వేళ్లూ కూర్చుంటాయి. ఆర్50లో నా చిటికెనవేలు కిందికి జారిపోయింది. చిన్న చేతులవాళ్లకు, ముఖ్యంగా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరగాలనుకునేవాళ్లకు ఆర్50నే నచ్చుతుంది. దీనికి రివ్యూలు చదివి లాభం లేదు, షాపుకెళ్లి పట్టుకోవాల్సిందే.

వ్యూఫైండర్ విషయంలో నేను సంతోషించాను. ఇది 1000 నిట్స్ (వెలుగు కొలత) దాకా వెలుగుతుంది. మే నెల మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే వెనక స్క్రీన్ మీద మన ముఖమే కనపడుతుంది తప్ప ఫొటో కనపడదు. కన్ను ఆనించి చూసే ఏర్పాటు ఉండటం మన ఎండలకు విలాసమేమీ కాదు. సోనీ జెడ్‌వీ-ఈ10 టూలోనూ, ఫూజీ ఎక్స్-ఎం5లోనూ అసలు వ్యూఫైండరే లేదు. ఫొటోల కోసం కొనేవాళ్లకు ఆ రెంటినీ నేను పక్కన పెట్టమనడానికి మొదటి కారణం ఇదే.

చిరాకులూ ఉన్నాయి. కిట్ లెన్సు ముడుచుకునే రకం, వాడే ప్రతిసారీ తిప్పి తెరవాలి. పిల్లాడు ఏదో ముచ్చటగా చేస్తుంటే కెమెరా ఆన్ చేస్తామా, లెన్సు తెరవమని స్క్రీన్ మీద సందేశం. ఆ లోపు వాడు ఆ పని ఆపేస్తాడు. ఆర్50 లెన్సుదీ ఇదే తంతు. కార్డు పెట్టే చోటు అడుగున బ్యాటరీ పక్కన ఉంది కాబట్టి ట్రైపాడ్ ప్లేటు ఊడదీస్తే తప్ప కార్డు చేతికి రాదు. బ్యాటరీ 1250 ఎంఏహెచ్, పొద్దున్నుంచి రాత్రిదాకా పెళ్లిలో తిరిగితే చాలదు. ఆర్50 బ్యాటరీ ఇంకా చిన్నది, 1040. సోనీది మాత్రం 2280, ఈ విషయంలో దానికి ఎదురులేదు. కెమెరా బాడీలోనే వణుకుని ఆపే ఏర్పాటు ఈ నాలుగింటిలో దేనికీ లేదు, లెన్సులో ఉంటేనే ఉన్నట్టు.

ఇంకో చిన్న తేడా రాసుకోండి. నికాన్ కిట్ లెన్సు 16 నుంచి మొదలవుతుంది, ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ సైజు సెన్సర్) లెక్కలో 24. కానన్‌ది 18 నుంచి, దాని లెక్కలో 29. అంకె చిన్నదే కానీ ఇరుకు హాల్లో పదిమందిని నిలబెట్టి గ్రూప్ ఫొటో తీసేటప్పుడు ఆ తేడాతో అటొకరూ ఇటొకరూ ఫ్రేములోకి వస్తారు.

ఫంక్షన్ హాల్లో అడ్డగీతలు

పెళ్లిళ్లు తీయాలనుకునేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చౌక రకం ఎల్‌ఈడీ బల్బులు, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వరసవారీగా చదువుతుంది. ఆ చదివే లోపు లైటు మినికితే ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. పెళ్లికూతురి పట్టుచీర మీద పట్టీ పడితే ఎడిటింగ్‌లో తీయడం ఎవరి తరమూ కాదు.

సోనీ జెడ్‌వీ-ఈ10 టూలో మెకానికల్ షట్టర్ (సెన్సర్ ముందు నిజంగా కదిలే తెర) తీసేశారు, ఉన్నది ఎలక్ట్రానిక్ ఒక్కటే. 2021లో వచ్చిన మొదటి జెడ్‌వీ-ఈ10లో అది ఉండేది. షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టుకుంటే మామూలు బల్బుల కింద పట్టీలు చాలావరకు తగ్గుతాయి. కానీ స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ గోడలు, రంగులు మారే పార్‌లైట్లు 100 లెక్కకు కట్టుబడి ఉండవు, వాటి మినుకు వేరు. పైగా 1/100 దగ్గర డాన్సు చేసేవాళ్ల చేతులు అలుక్కుపోతాయి. సోనీ వీడియోకు ఎంత మంచిదైనా పెళ్లి ఫొటోలకు నేను చెప్పను.

నికాన్‌లో మెకానికల్ షట్టర్ ఉంది. ఆర్50లో మొదటి తెర ఎలక్ట్రానిక్, రెండోది మెకానికల్. రెంటిలోనూ మినుకు చూసుకుని, వెలుతురు నిండుగా ఉన్న క్షణంలోనే తీసే ఆప్షన్ మెనూలో ఉంది. హాల్లోకి అడుగు పెట్టగానే దాన్ని ఆన్ చేసుకోండి. వీడియో తీసేవాళ్లు మెనూలో 30 వదిలేసి 25 ఫ్రేముల్లోకి మారి, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబ్‌లైట్ల కింద టెన్షన్ సగం పోతుంది.

ఫ్లాష్ దగ్గర ఆర్50 కొనేవాళ్లకు ఒక మెలిక ఉంది. దాని పైన ఫ్లాష్ తగిలించే షూ కొత్త రకం, పాత తరహా పిన్నులు లేవు. ఇంట్లో పాత కానన్ ఫ్లాషో, ఏదో థర్డ్ పార్టీ ఫ్లాషో ఉంటే నేరుగా పెడితే వెలగదు, ఏడీ-ఈ1 అనే అడాప్టర్ కొనాలి. షాపువాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు ఎత్తరు. నికాన్‌లో మామూలు హాట్ షూనే, చిన్న ఫ్లాష్ బాడీలోనే ఉంది. ఆర్50లోనూ బాడీలో చిన్న ఫ్లాష్ ఉందిలెండి, కానీ పెళ్లికి ఆ చిన్నవి ఏ మూలకీ రావు.

నాకు తెలిసిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఒకాయన్ని అడిగితే అన్నాడు, "బాడీ అద్దెకి దొరుకుద్దండీ, లెన్సూ దొరుకుద్ది. ఓ ముహూర్తానికి తెచ్చుకుని వాడండి, అప్పుడు కొందురుగాని." ఇంతకంటే చౌకైన సలహా నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఎరుపు తీయడం ఎలా

మన దగ్గర కెమెరాకి పెద్ద పరీక్ష ఎరుపు. ఇంద్రకీలాద్రి కింద భవానీ దీక్ష విరమణకి వచ్చే భక్తుల ఎర్రబట్టలు, గుంటూరు మిర్చి యార్డులో ఎండ పడ్డ కాయల రాశులు. ఇవి తీసి చూస్తే స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటాయి, ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేస్తే కాయకీ కాయకీ తేడా ఉండదు, అంతా ఒకే ఎర్రటి ముద్ద. కెమెరా వెలుతురు సగటు చూసి లెక్కేస్తుంది. ఆ సగటు సరిగ్గా ఉన్నా ఎరుపు ఛానల్ మాత్రం పైకప్పు దాటేస్తుంది. దాటింది ఇక తిరిగిరాదు.

జెడ్50టూలో ఫొటో చూసేటప్పుడు మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) విడివిడిగా చూపిస్తుంది. కానన్‌లోనూ ఉంటుంది. ఎరుపు గీత కుడి అంచుకి గుద్దుకుంటే ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 దగ్గరకు తగ్గించి మళ్లీ తీయండి, రా ఫైలుగా (కెమెరా తన మార్పులు చేయకుండా దాచే ఫైలు) తీయండి. మిరపకాయ మీద ముడత, తొడిమ పక్కన మెరుపు కనపడతాయి. నికాన్ పైన పిక్చర్ కంట్రోల్‌కి (ఫొటో రంగుల తీరు మార్చే సెట్టింగు) ఒక ప్రత్యేకమైన బటన్ ఇచ్చారు. అందులో వివిడ్ పెడితే ఈ ఎరుపు సమస్య ఇంకా ముదురుతుంది, న్యూట్రల్‌లో ఉంచితే తగ్గుతుంది. చర్మం రంగులో కానన్ కాస్త వెచ్చగా, కళగా ఇస్తుందన్న పేరు ఊరికే రాలేదు. పసుపు రాసిన ముఖాలు కెమెరా నేరుగా ఇచ్చే జేపెగ్‌లో కానన్‌లోనే నాకు ఎక్కువ నచ్చాయి. నికాన్‌లో వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగా కనపడేలా రంగు సరిచేసే సెట్టింగు) కొంచెం సర్దుకోవాల్సి వచ్చింది.

యార్డులో ఒక్కటే జాగ్రత్త. అక్కడ గాల్లో ఉండేది మామూలు దుమ్ము కాదు. లెన్సు మార్చే పని బయటే పెట్టుకోండి. లోపల విప్పితే ఆ పొడి సెన్సర్ మీద కూర్చుంటుంది, మీరు తుమ్ముతూ ఉంటారు.

పక్షుల కోసమైతే

గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువు ఉంది. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా కూర్చుని ఉంటాయి. పక్షుల ఫొటోలు మొదలుపెట్టడానికి మన జిల్లాలో అంతకంటే తేలికైన చోటు లేదు. ఇక్కడ జెడ్50టూ ముందుంటుంది. ఫోకస్‌లో పక్షులకంటూ విడిగా మోడ్ ఉంది. కొమ్మల మధ్య కూర్చున్న కొంగ కంటిని వెతికి పట్టుకుంటుంది, ఎగిరేటప్పుడూ అంత తేలిగ్గా వదలదు. ఆర్50 కూడా జంతువుల మోడ్‌లో పక్షుల్ని గుర్తుపడుతుంది, మరీ తీసిపోదు.

లెన్సుల దగ్గర మాత్రం కానన్‌ది పైచేయి. నికాన్ చౌక జూమ్ 50-250, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 375. కానన్ 55-210 అయితే 336 దగ్గర ఆగిపోతుంది కానీ, ఆర్ఎఫ్ 100-400 అని తేలికైన లెన్సు ఒకటుంది. ఆర్50కి తగిలిస్తే 640 అవుతుంది. ఎఫ్8 దాకా పోతుంది కాబట్టి పొద్దున ఎండ వచ్చాకే పని చేస్తుంది. ఈ మధ్య తరగతి ధరలో నికాన్ వాళ్లకు అంత చేయి చాచే లెన్సు లేదు. పక్షులే మీ ప్రాణం అయితే బాడీ ఆర్50 తీసుకుని, డబ్బు ఆ లెన్సు మీద పెట్టమంటాను. నేను నికాన్ కొన్నవాణ్ణి కాబట్టి ఈ మాట చెప్పడం కొంచెం కష్టంగానే ఉంది.

సోనీ, ఫూజీ

యూట్యూబ్‌కి వంటల వీడియోలో, పాఠాలో తీసేవాళ్లకు సోనీ జెడ్‌వీ-ఈ10 టూ. బ్యాటరీ నిలుస్తుంది, మైకు బాగుంది, ముఖాన్ని వదలదు, 4కేలో 60 ఫ్రేములు ఇస్తుంది. ఎండాకాలం ఆరుబయట గంటలకొద్దీ 4కే తీస్తే ఇవన్నీ వేడెక్కేవే, నీడ చూసుకోండి.

ఫూజీ ఎక్స్-ఎం5 కొనేది రంగుల కోసం. పైన ఫిల్మ్ సిమ్యులేషన్ (పాత ఫిల్ముల రంగుల్ని అనుకరించే) డయల్ తిప్పుకుంటూ పోవచ్చు, ఎడిటింగ్ అంటే బద్ధకం ఉన్నవాళ్లకు అంతకంటే సుఖం లేదు. 355 గ్రాములే. కొండపల్లి బొమ్మల రంగులు అందులో చూస్తే మనసు లాగింది, నిజం చెప్పాలంటే. వ్యూఫైండర్ ఉంటే బహుశా అదే ఇంటికొచ్చేది.

పాత డీఎస్ఎల్ఆర్ మాట

డబ్బు తక్కువగా ఉంటే 200డీ టూ లాంటి పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే రకం కెమెరా) తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. 2019 మోడల్, 24.1 మెగాపిక్సెల్, దానికి ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 ఎస్‌టీఎం చౌకగా దొరుకుతుంది. వ్యూఫైండర్లో తొమ్మిది ఫోకస్ పాయింట్లే, కానీ స్క్రీన్ మీద చూసి తీస్తే ఫోకస్ చక్కగా పనిచేస్తుంది. 4కే వీడియో పేరుకే ఉంది, లెక్కలోకి తీసుకోవద్దు. పై లెక్కలో వేసి చూస్తే, పాత బాడీకి ఎఫ్1.8 లెన్సు తగిలించినవాడు కొత్త బాడీకి కిట్ లెన్సు పెట్టినవాడి కంటే రాత్రి మంచి ఫొటో తీస్తాడు.

సెకండ్ హ్యాండ్‌లో మొదట చూడాల్సింది లెన్సు. వెనక మూత తీసి, ఫోను టార్చి వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా తెల్లటి దారాలు కనపడితే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. తర్వాత ఎఫ్16 పెట్టి తెల్లటి గోడనో ఆకాశాన్నో తీసి ఫొటో పెద్దది చేయండి, సెన్సర్ మీది మచ్చలన్నీ నల్లచుక్కలై కనపడతాయి. దుమ్మయితే తుడిపించుకోవచ్చు, గీతలైతే కాదు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్‌లో అయితే ఫొటో ఫైలులోనే తెలిసిపోతుంది. కానన్‌లో చాలా మోడళ్లకు విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి.

బిల్లు, కార్డు, డబ్బా

కొత్తవి కిట్ లెన్సుతో అరవై డెబ్బై వేల నుంచి లక్ష దాటేదాకా ఉన్నాయి. దసరాకు ఒక ధర, సంక్రాంతికి ఒక ధర కాబట్టి ఇక్కడ అంకెలు రాసి లాభం లేదు. విజయవాడ గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు వైపు నాలుగు షాపులు తిరిగి, ఆన్‌లైన్ ధర ఫోన్లో చూపించి అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. కెమెరా మీద జీఎస్టీ 18 శాతం, అది మిగులుతుందని ఆశపడితే వారంటీ పోతుంది. బిల్లు మీద రాసిన సీరియల్ నంబరు, డబ్బా మీదిది, కెమెరా అడుగున ఉన్నది, మూడూ ఒకటేనా అని షాపులోనే చూసుకోండి. స్టూడియో నడిపేవాళ్లకు జీఎస్టీ నంబరు ఉంటే బిల్లులో వేయించుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది.

ఫ్రీగా ఇచ్చే బ్యాగు, ట్రైపాడ్, కార్డు బదులు ధర తగ్గించమని అడగండి. ఆ ట్రైపాడ్ గాలికే ఊగుతుంది. కార్డు మాత్రం మంచిది కొనండి, మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుందని అర్థం. మామూలు 4కేకి అది చాలు. ఇంకో బ్యాటరీ కూడా మొదటిరోజే తీసుకోండి.

ఇంటికి తెచ్చాక తోలు బ్యాగులో పెట్టి బీరువాలో దాచకండి. మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి, వానాకాలం చెమ్మకి లెన్సులో ఫంగస్ పుట్టడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, వందో రెండొందలో పెట్టి కొన్న తేమ మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగులోకి మారితే చెమ్మ పీల్చేసిందని లెక్క, దాన్ని వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నెలకోసారైనా కెమెరా బయటికి తీసి నాలుగు ఫొటోలు కొట్టండి.